బ్రేకు తుప్పుకు కాలిన ఆయిల్ మందు కాదు

నాలుగు రోజులు ముసురు పట్టి తెరిపి ఇచ్చాక, ఇంటి ముందు నిలబెట్టిన కారు చక్రంలోకి తొంగి చూడండి. తళతళ మెరవాల్సిన బ్రేకు డిస్కు ఇటుక రంగుకు తిరిగి ఉంటుంది. అది చూసి కొందరు కంగారుపడి మెకానిక్ దగ్గరకు పరుగెత్తి కొత్త డిస్కులు వేయించుకుంటారు. మరికొందరు నాగలి కర్రుకు పూసినట్టే కాలిన ఆయిల్‌లో గుడ్డ ముంచి డిస్కుకు పూసేస్తారు. మొదటి పని డబ్బు దండగ. రెండో పని ప్రాణానికే ముప్పు.

సన్నకారు రైతుకు కారెందుకు అనే రోజులు పోయాయి. కూరగాయలు రైతుబజారుకు చేర్చడానికి, పాల క్యాన్లు మోయడానికి, ఆసుపత్రికి వెళ్లడానికి పాత కారో, ట్రాలీ ఆటోనో కొనుక్కుంటున్న చిన్న రైతులు ఊరికి నలుగురైనా ఉంటున్నారు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీకి పైబడిన కొత్త మోటారు సైకిళ్లకు ఏబీఎస్ బ్రేకు తప్పనిసరి కావడంతో డిస్కు బ్రేకు పొలం గట్టుకు కూడా వచ్చేసింది. కాబట్టి బ్రేకుకు తుప్పు ఎందుకు పడుతుంది, ఏది పట్టించుకోనక్కర్లేని తుప్పు, ఏది ప్రమాదం, ఇంట్లోనే దాన్ని ఎలా వదిలించుకోవచ్చు అనేవి రైతులు తెలుసుకుని ఉండడం మంచిది.

తుప్పు ఎందుకు పడుతుంది?

చక్రంతో పాటు తిరిగే గుండ్రటి ఇనుప పళ్లెమే డిస్కు. పెడల్ తొక్కగానే దానికి అటూ ఇటూ ఉన్న రెండు ప్యాడ్లు కమ్మరి పటకారులాగా దాన్ని పట్టుకుంటాయి. ఆ రాపిడికి బండి ఆగుతుంది. రాపిడిలో పుట్టిన వేడినంతా డిస్కే భరించాలి. అందుకే కార్లకు, ట్రాలీ బండ్లకు డిస్కును పోత ఇనుముతో చేస్తారు. పోత ఇనుము వేడికి బాగా ఓర్చుకుంటుంది, ఖరీదూ తక్కువ. అయితే తడి, గాలి రెండూ తగిలితే త్వరగా తుప్పు పడుతుంది.

మరి రంగు వేయొచ్చు కదా అని అడగొచ్చు. ప్యాడు ఒరుసుకునే చోట రంగు వేసినా, పూత పూసినా రెండు మూడు బ్రేకులకే గీసుకుపోతుంది. ప్యాడ్లను పాడు చేస్తుంది కూడా. కాబట్టి ఆ ముఖాన్ని కంపెనీవాళ్లే ఏ పూతా లేకుండా వదిలేస్తారు. అంటే డిస్కు మీద పలుచగా తుప్పు రావడం జబ్బు కాదు, పోత ఇనుము స్వభావం. గాలిలో తేమ 60 శాతం దాటితే తుప్పు వేగం పెరుగుతుంది. వానాకాలంలో మన దగ్గర తేమ అంతకు మించే ఉంటుంది గనుక రాత్రి కడిగి నిలబెట్టిన కారు డిస్కు తెల్లారేసరికి ఎర్రబడుతుంది.

మోటారు సైకిల్ డిస్కు అంత తొందరగా ఎర్రబడదు. దాన్ని ఎక్కువగా స్టీలు గ్లాసుల జాతికి చెందిన తుప్పు పట్టని ఉక్కుతో చేస్తారు. దానికి పట్టినా గుడ్డతో తుడిస్తే పోయే మరకలే ఎక్కువ.

ఉప్పు గాలి, ఎరువుల బస్తా

ఒకే ఏడాది కొన్న రెండు కార్లలో ఒకటి కోస్తాలో, ఒకటి అనంతపురంలో ఉంటే కోస్తా కారు బ్రేకులే ముందు తుప్పు పడతాయి. ఉప్పు తగిలిన తడి, తుప్పును చాలా రెట్లు వేగంగా నడిపిస్తుంది. సముద్ర తీర గ్రామాల్లో, ఉప్పు నీటి రొయ్యల చెరువుల దగ్గర తిరిగే బండ్లకు ఈ బెడద ఎక్కువ. రొయ్యల ట్రేల నుంచి కారే ఐసు నీళ్లు చక్రాల మీదుగానే జారతాయి.

మెట్ట ప్రాంత రైతులు మనకు ఉప్పు లేదుగదా అని నిశ్చింతగా ఉండకూడదు. మనం వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడే. అదీ ఉప్పు జాతిదే. అమ్మోనియం సల్ఫేటు కూడా తడి తగిలితే ఇనుమును తినేస్తుంది. చిరిగిన బస్తా నుంచి రాలిన ఎరువు చక్రాల దగ్గర పేరుకుని, దానిపై వాన పడితే చెప్పనక్కర్లేదు. ఎరువులు దించిన రోజే బండి తొట్టిని, చక్రాలను మంచినీళ్లతో కడిగేయాలి. కడిగాక అలాగే నిలబెట్టకుండా ఓ కిలోమీటరు దూరం నడిపి, నాలుగైదు సార్లు మెల్లగా బ్రేకు తొక్కితే ఆ వేడికి డిస్కు ఆరిపోతుంది.

మూడు రకాల తుప్పు

డిస్కు మీది తుప్పును మూడు రకాలుగా చూడాలి.

మొదటిది పొడి తుప్పు. ఒకటి రెండు రోజులు నిలబెట్టిన బండికి వచ్చేది ఇదే. గోటితో గీస్తే ఎర్రపొడి రాలి కింద మెరిసే ఇనుము కనబడుతుంది. దీనికి ఏ వైద్యమూ అక్కర్లేదు. ఖాళీ రోడ్డు మీద నిదానంగా పోతూ ఐదారు సార్లు మెల్లగా బ్రేకు తొక్కితే ప్యాడ్లే దాన్ని గీసి పారేస్తాయి. మొదట్లో కాస్త గరగరమని చప్పుడు వచ్చి ఆగిపోతుంది. మొదటి ఒకటి రెండు బ్రేకులు కొద్దిగా మందంగా పడతాయి కాబట్టి బయలుదేరగానే వేగం పెంచకూడదు.

రెండోది అంచు తుప్పు. ప్యాడు తగలని బయటి అంచున, నట్లు బిగించే మధ్య భాగాన పొరలు పొరలుగా పేరుకుంటుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే అంచు ఉబ్బినట్టు కనబడుతుంది. చూడటానికి భయంగా ఉన్నా దీనివల్ల బ్రేకు తగ్గదు. కానీ అంచు ప్యాడుకు తగిలి కీచుమని అరిస్తే ఆకురాయితో అంచును మాత్రం రుద్దించుకోవచ్చు.

మూడోది గుంట తుప్పు. నెలల తరబడి కదలకుండా ఉన్న బండికి, నీట మునిగిన బండికి వస్తుంది. డిస్కు ముఖం మీద మశూచి మచ్చల్లా గుంటలు పడతాయి. ప్యాడు ఆనుకుని ఉన్న చోట దాని ఆకారం అచ్చు పడి ఉంటుంది. బ్రేకు తొక్కితే పెడల్, స్టీరింగు వణుకుతాయి. పది పదిహేను కిలోమీటర్లు నడిపి బ్రేకులు వేశాక కూడా గుంటలు గోటికి తగులుతుంటే అది మన చేతిలో పని కాదు. లేత్ మిషన్ మీద ముఖం చెక్కించడమో, డిస్కు మార్చడమో చేయాలి.

మెకానిక్ మార్చాలి అన్నప్పుడు అది ఏ రకం తుప్పో అడగండి. పొడి తుప్పుకు కొత్త డిస్కులు కొనక్కర్లేదు. గుంట తుప్పుకు కొనకుండా కూర్చోకూడదు.

నూనె ఎందుకు వద్దు?

కర్రుకు, కొడవలికి, గుంటకకు పంట కాలం అయ్యాక నూనె పూసి దాచడం తరతరాలుగా వస్తున్న మంచి అలవాటు. నూనె పొర ఉంటే గాలి, తడి ఇనుముకు తగలవు. తుప్పు రాదు. ఇదే అలవాటుతో కొందరు బ్రేకు డిస్కుకూ, డ్రమ్ము లోపలా ఆయిల్ పూస్తుంటారు. చప్పుడు తగ్గుతుందని కొందరు గ్రీజు కూడా పెడతారు. చప్పుడు తగ్గేది నిజమే. దాంతో పాటు బ్రేకూ పోతుంది.

కర్రు మట్టిలో జారాలి. బ్రేకు మాత్రం జారకూడదు, పట్టుకోవాలి. బ్రేకు నడిచేదే రాపిడి మీద. నూనె రాపిడిని చంపేస్తుంది. పైగా ప్యాడు స్పాంజి లాగా నూనెను పీల్చుకుంటుంది. డిస్కును ఎంత తుడిచినా, వేడెక్కిన ప్యాడు నుంచి నూనె మళ్లీ ఊరుతుంది. ఒకవైపు చక్రానికే నూనె అంటితే బ్రేకు తొక్కగానే బండి రెండో వైపుకు లాగేస్తుంది. ధాన్యం బస్తాలతో, పైన కూలీలతో కాలువ గట్టు మీద పోయే బండి అలా పక్కకు లాగితే ఏమవుతుందో రైతులు ఊహించుకోవచ్చు.

పొరపాటున ఇప్పటికే పూసి ఉంటే ఆ బండిని రోడ్డెక్కించవద్దు. డిస్కును సబ్బు నీళ్లతోనో, దుకాణాల్లో డబ్బాల్లో దొరికే బ్రేకు క్లీనరుతోనో కడిగి ఆరబెట్టాలి. నూనె తాగిన ప్యాడ్లను పారేసి ఆ ఇరుసుకు రెండు వైపులా కొత్తవి వేయించాలి. ప్యాడ్ల ఖర్చు డిస్కుల ఖర్చు కంటే తక్కువే.

బ్రేకులో గ్రీజు పెట్టాల్సిన చోట్లు లేకపోలేదు. కాలిపర్ జారే పిన్నులకు, అవీ వేడికి కరగని సిలికాన్ రకం గ్రీజుతో మాత్రమే పెట్టాలి. అది కూడా గోరంత. ఈ పని మెకానిక్ చేత చేయించుకోవడం మేలు.

తుప్పు వదిలించే పద్ధతి

పొడి తుప్పుకు మించి, గుంటలకు తక్కువగా ఉన్న తుప్పును ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. చక్రం విప్పడం అలవాటున్నవారే ఈ పనికి పూనుకోవాలి.

1. బండిని చదునైన గట్టి నేల మీద నిలపాలి. విప్పబోయే చక్రం కాక మిగతా చక్రాలకు ముందూ వెనుకా రాళ్లో, కొయ్య ముక్కలో పెట్టాలి. నేల మీద ఉండగానే నట్లు కాస్త వదులు చేసి, ఆ తర్వాత జాకీ ఎత్తాలి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా కింద స్టాండో, బలమైన దుంగో ఆనించాలి.

2. కాలిపర్ విప్పాల్సి వస్తే దాన్ని రబ్బరు గొట్టం మీద వేలాడనీయకూడదు. గొట్టం లోపల చీలిపోతుంది. బైండింగు తీగతో పైకి కట్టాలి.

3. పొరలుగా ఉన్న తుప్పును ఇనుప తీగల బ్రష్షుతో రుద్దాలి. ఏబీఎస్ ఉన్న బండ్లలో చక్రం వెనుక ఉండే సెన్సారును, దాని తీగను బ్రష్షు తాకనివ్వకూడదు.

4. ముఖాన్ని 80 నుంచి 120 నంబరు ఎమరీ కాగితంతో, లేదా ఉప్పు కాగితంతో రుద్దాలి. ఒక్కచోటే రుద్దితే అక్కడ పల్లం పడుతుంది. డిస్కు అంతటా సమానంగా గుండ్రంగా రుద్దాలి. రెండో వైపు ముఖాన్ని మరిచిపోకూడదు. బయటికి కనబడని వైపే తుప్పు ఎక్కువ ఉంటుంది.

5. డిస్కు ఆనుకునే హబ్బు ముఖం మీది తుప్పును కూడా తీయాలి. అక్కడ చిన్న పొర ఉన్నా డిస్కు వంకరగా కూర్చుని పెడల్ కొట్టుకుంటుంది.

6. దుమ్మును నోటితో ఊదకూడదు, గాలి మిషన్ పట్టకూడదు. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు కీడు. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయాలి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి.

7. చివరగా బ్రేకు క్లీనరుతో తుడిచి, అన్నీ బిగించి, చక్రం నట్లను ఎదురెదురుగా బిగించాలి.

8. బండి కదిలించే ముందు పెడల్‌ను గట్టిపడేదాకా పలుమార్లు తొక్కాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. విప్పి బిగించాక మొదటి తొక్కుడుకు పెడల్ నేలకు అంటుకునే ప్రమాదం ఉంది. తర్వాత ఖాళీ రోడ్డులో 30 కిలోమీటర్ల వేగంతో పోతూ పది సార్లు మెల్లగా బ్రేకు వేసి చల్లారనివ్వాలి.

ప్యాడ్లు కూడా అప్పుడే చూసుకోవాలి. వెనుక రేకును వదిలేసి రాపిడి పదార్థం 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చే సమయం వచ్చినట్టే. డిస్కుకు ఉండాల్సిన కనీస మందం చాలా బండ్లలో డిస్కు మీదే అచ్చు వేసి ఉంటుంది. చెక్కించినా అంతకంటే తగ్గకూడదు. తగ్గిన డిస్కు వేడికి పగులుతుంది.

డ్రమ్ములు, ట్రాక్టర్లు

ట్రాలీ ఆటోలకు, చాలా కార్లకు వెనుక ఉండేవి డ్రమ్ము బ్రేకులు. డ్రమ్ము బోర్లించిన గిన్నె లాంటిది. లోపల రెండు షూలు విచ్చుకుని గోడను ఒరుసుకుంటాయి. లోపలి తుప్పు కంటికి కనబడదు. తడి మీద హ్యాండ్ బ్రేకు లాగి పది రోజులు వదిలేస్తే షూలు డ్రమ్ముకు అంటుకుపోతాయి. అప్పుడు బలంగా యాక్సిలరేటరు తొక్కి లాగితే లైనింగు ఊడి వస్తుంది. మొదటి గేరు, రివర్సు గేరు మార్చి మార్చి వేసి బండిని మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపాలి. అప్పటికీ వదలకపోతే చక్రం విప్పి డ్రమ్మును కొయ్య సుత్తితో తట్టించాలి.

పొడి బ్రేకులున్న పాత ట్రాక్టర్లకు దమ్ము సమయంలో బురద నీళ్లు లోపలికి పోతాయి. దమ్ము అయ్యాక రోడ్డెక్కే ముందు నిదానంగా నడుపుతూ కాసేపు పెడల్ మీద కాలు ఆనించి బ్రేకులను ఆరబెట్టాలి. ఒకవైపు తుప్పు పట్టి రెండోవైపు బాగుంటే ట్రాక్టరు పక్కకు లాగుతుంది. రెండు పెడళ్లు సమానంగా పట్టేలా సర్దించుకోవాలి. పొలంలో మలుపుల కోసం విడదీసిన పెడళ్లను రోడ్డు మీద తప్పనిసరిగా కొక్కెంతో కలపాలి. వెనుక ట్రక్కుకు బ్రేకులు లేకపోతే దాని బరువంతా ట్రాక్టరు బ్రేకుల మీదే పడుతుందని గుర్తుంచుకోవాలి.

కొత్త ట్రాక్టర్లలో ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకులు వస్తున్నాయి. అవి ఆయిల్‌లోనే పనిచేసేలా తయారైనవి. వాటిని చూసి మామూలు బ్రేకుకు ఆయిల్ పోయకూడదు. ఈ రకంలో తుప్పు భయం తక్కువే గానీ నీళ్లు దిగితే ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. వెంటనే మార్పించాలి.

వరదలో మునిగితే

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో, మున్నేరు పొంగి ఖమ్మంలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. అలాంటప్పుడు అందరూ ఇంజన్ సంగతి చూస్తారు, బ్రేకులను మరిచిపోతారు. వరద నీటిలోని సన్నని ఒండ్రు డ్రమ్ముల్లో, కాలిపర్ పిన్నుల్లో చేరి ఎండాక సిమెంటులా గట్టిపడుతుంది. దాని కింద తుప్పు దాక్కుంటుంది. నీట మునిగిన బండికి నాలుగు చక్రాలూ విప్పించి, డ్రమ్ములు తెరిపించి, కడిగించి, బ్రేకు ఆయిల్ మార్పించకుండా నడపకూడదు. తక్కువకు వస్తోందని పాత బండి కొనేవారు కూడా చక్రం విప్పించి చూశాకే బయానా ఇవ్వాలి.

బ్రేకు ఆయిల్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన కొద్దీ గొట్టాలు, సిలిండర్లు లోపలి నుంచి తుప్పు పడతాయి. ఆయిల్ త్వరగా మరుగుతుంది కూడా. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగదు. తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే లోపల ఆవిరి పుట్టి పెడల్ మెత్తగా దిగిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. మూత తీసి దాచిన పాత డబ్బాలోది పోయకూడదు. అందులో ఇంజన్ ఆయిల్ చుక్క కూడా కలవకూడదు. కలిస్తే రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి.

రైతుల సందేహాలు

ప్రశ్న: చింతపండుతో రాగి బిందె తోముతాం కదా, డిస్కు తోమవచ్చా?

జవాబు: పులుపు తుప్పును కరిగించే మాట నిజమే. బండి నుంచి పూర్తిగా విప్పిన డిస్కును చింతపండు నీళ్లలో నానబెట్టి తోమవచ్చు. కానీ వెంటనే మంచినీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టకపోతే గంటలోపే మళ్లీ ఎర్రబడుతుంది. బండికి ఉండగా పులుపు పోయకూడదు. మరుగుదొడ్లు కడిగే యాసిడ్ జోలికి అసలే పోకూడదు.

ప్రశ్న: కిరోసిన్‌తోనో, డీజిల్‌తోనో తుడవవచ్చా?

జవాబు: వద్దు. రెండూ ఆరాక జిడ్డు పొర వదులుతాయి. ఆ జిడ్డూ నూనెతో సమానమే. పెట్రోలుకు మంటల భయం ఉంది.

ప్రశ్న: కొత్త డిస్కుకు జిడ్డు ఉంటుంది కదా, అది ఉంచవచ్చా?

జవాబు: దుకాణంలో ఉన్నన్నాళ్లు తుప్పు పట్టకుండా కంపెనీవాళ్లు పూసినది అది. బిగించే ముందు క్లీనరుతో గానీ సబ్బు నీళ్లతో గానీ పూర్తిగా తీసి ఆరబెట్టాలి.

ప్రశ్న: నెలకు పైగా బండి తీయం. ఏం చేయాలి?

జవాబు: కడిగి, కొద్ది దూరం నడిపి, ఆరిన బండినే నీడన పెట్టాలి. మట్టి నేల కంటే బండలు పరిచిన నేల మేలు. నేల చదునుగా ఉంటే హ్యాండ్ బ్రేకు వేయకుండా గేరులో ఉంచి చక్రాలకు అడ్డు పెట్టాలి. వారానికోసారి తీసి రెండు మూడు కిలోమీటర్లు బ్రేకులు వేస్తూ తిప్పాలి. తాటిపత్రి కప్పేవారు కింద గాలి ఆడేలా కప్పాలి. నేలదాకా మూసేస్తే లోపల ఆవిరి పట్టి తుప్పు ఇంకా పెరుగుతుంది.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని పెద్దలు అంటారు. బ్రేకు తుప్పుకు ఇది అక్షరాలా సరిపోతుంది. వారానికి నాలుగు బ్రేకులు వేస్తే పోయే ఎర్రపొడిని నెలల తరబడి వదిలేస్తే డిస్కే మార్చాల్సి వస్తుంది. ఈ వానాకాలం మీ బండి చక్రాలను ఒకసారి విప్పించి చూసుకోండి. ఆయిల్ డబ్బాను మాత్రం కర్రుకూ, కొడవలికే ఉంచండి.